నాది అయిదున్నర

"చోటు లేదంటే లేదు నాన్నా. ఆ మాట నేను అనడం లేదు, అదే అంటోంది. కావాలంటే నువ్వే చదువు."

మా అమ్మాయి పిచ్చుక, పాటల కీబోర్డు తెర మీద గోటితో టకటకా కొట్టింది. ఆయన చదవలేదు. పొద్దున్నుంచీ దాన్ని చదువుతూనే ఉన్నారు. టీ దగ్గర మొదలైన గొడవ ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేదాకా వచ్చింది.

"చోటు లేకపోతే నీవి తీసెయ్యి," అన్నారు.

"నావెక్కడున్నాయి తియ్యడానికి? లోపలున్నవన్నీ నీవీ అమ్మవీ. మా నాటకానికి వాన చప్పుడు ఎక్కించుకుందామంటే అంగుళం ఖాళీ లేదు. నేనేం ఏనుగుని తెచ్చి కట్టేస్తానన్నానా? వాన చప్పుడు!"

"తీరిక చూసుకుని నేనే సర్దుతాను. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దు."

"నీ తీరిక కోసం చూస్తే నాటకం నా మనవలు వేసుకోవాలి."

మంచం మీద కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటున్న అత్తయ్య దువ్వెన ఆపింది. "వీడంతేనే. చిన్నప్పుడు విరిగిన పలక ముక్కలు కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు. మళ్ళీ అతుకుతాయేమోనని దాచేవాడు."

"అది నిజం," అన్నాను నేను వంటింటి గుమ్మంలోంచి. "ఆ బీరువా తెరిస్తే విరిగిన కళ్ళజోళ్ళ కాళ్ళు మీద పడతాయి. ఒకటికీ జత లేదు."

"నువ్వు కూడానా?" అన్నట్టు చూశారు నా వైపు. ఆయన పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతారు. సెలవు రోజుల్లోనే అక్కడ జనం ఎక్కువ కాబట్టి, నేనూ పిచ్చుకా ఇంట్లో ఉండే రోజే ఆయన తప్పకుండా వెళ్ళాలి.

"మీరు వెళ్ళండి. మేం చూసుకుంటాం," అన్నాను.

ఆయన గుమ్మం దగ్గర ఆగారు. ఏదో అనబోయారు. నా మొహం చూసి, అనకుండానే చెప్పులు వేసుకున్నారు.

ముందుగదిలో అత్తయ్య మంచం పక్కనే, కిటికీ కింద స్టాండు మీద ఉంటుంది ఆ కీబోర్డు. పిచ్చుక పుట్టకముందు కొన్నదానికి ఇది వారసురాలు. సాయంత్రం ఆయన షాపు నుంచి వచ్చి, మొహం కడుక్కుని దాని ముందు కూర్చుంటే నేను మైకు పట్టుకుంటాను. అదీ మా ఇంటి కాలక్షేపం. కార్యక్రమాలంటే పెద్దవేం కాదు. మా స్కూల్లో ఎవరు పదవీ విరమణ చేసినా, ఆయన స్నేహితుల ఇళ్ళలో ఏదైనా శుభకార్యం జరిగినా మమ్మల్ని పిలుస్తారు. ఒక్కో పాటకి ఏ వాయిద్యం మోగాలి, ఏ తాళం నడవాలి, ఎంత వేగం, ఏ శ్రుతి, అన్నీ ఆయన ఓపిగ్గా కుదిర్చి ఒక పేరు పెట్టి దాస్తారు. పాట పేరు నొక్కితే చాలు, కీబోర్డు దానికి సిద్ధమైపోతుంది. మైకు కూడా దానికే తగిలిస్తాం కాబట్టి మేం సాధన చేసినవి కొన్ని అందులోనే రికార్డయి ఉంటాయి.

శ్రుతి సంగతి చెప్పాలి. పాట నిలబడే నేల అది. అంకె పెరిగేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది, దానితోపాటు పాటంతా పైకి లేస్తుంది. నాది అయిదున్నర. పాడేవాళ్ళు ఎవరైనా "మీదెంతండీ?" అని అడిగితే, రక్తం గ్రూపు చెప్పినట్టు ఠక్కున చెప్పేదాన్ని. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న కూడా అదే. నా జవాబు విని తలెత్తి చూశారు. అప్పటిదాకా నేల చూపులే.

పోయినేడు మా స్కూలుకి కొత్తగా లెక్కల టీచరు వచ్చింది. పిచ్చుక కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. స్టాఫ్ రూమ్‌లో నా పక్కన చేరి, "మేడమ్, ఎప్పుడైనా మనిద్దరం కలిసి పాడదామా? నాది నాలుగు," అంది. "నాలుగా? ఆ శ్రుతిలో నేను ఒకటో తరగతి పిల్లల్ని నిద్రపుచ్చుతానమ్మా," అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"మొదలుపెడదామా?" అని పిచ్చుక స్టూలు లాక్కుంది. పుట్టినప్పటినుంచీ ఒక్క క్షణం నోరు ఊరుకోదని దాన్ని మేం పిచ్చుక అంటాం. "పాత రికార్డింగులు బరువు ఎక్కువ. వాటిని పెన్ డ్రైవ్‌లోకి పంపేస్తాను. పాటల సెట్టింగులు చిన్నవే, కానీ లెక్కపెట్టి ఇన్నే పట్టేలా గళ్ళున్నాయి. అవీ నిండిపోయాయి."

నేను గుడ్డతో మీటల మధ్య దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. అది ఒక్కో పేరూ చదువుతుంటే నేను ఉంచమనో తియ్యమనో చెప్పడం. ఎవరి పెళ్ళికో ఒకేసారి పాడిన పాటలు, సగంలో వదిలేసిన బాణీలు, పిచ్చుక చిన్నప్పుడు రెండు చేతులతో బాది దాచిపెట్టుకున్న ఏదో మోత. దాన్ని మాత్రం ఉంచమన్నాను.

"అమ్మా, ఇది చూడు. ఏరు. ఏరు ఒకటి. ఏరు రెండు. ఏరు మూడు. ఒకే పాటకి నాలుగు గళ్ళు!"

ఏరంటే మా ఏటి పాట. మాటలు నావి, బాణీ ఆయనది. వీడుకోలు సభలన్నిట్లో పాడేది అదే. చరణంలో "ఎంత దూరం" అన్నచోట "దూరం" పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, మెల్లగా దిగుతుంది. అక్కడే చప్పట్లు పడతాయి. ఈ వారం చివర మా పెద్ద మేడమ్ పదవీ విరమణ. ఆవిడ నన్ను పిలిచి మరీ చెప్పింది, "ఉపన్యాసాలు నాకొద్దు, ఏటి పాట ఉంటే చాలు," అని.

"ఏది ఉంచను?" అంది పిచ్చుక.

"మొదటిదే. అసలు పాట అదే కదా. తర్వాతవి మీ నాన్న ఏదో గెలికి దాచి ఉంటారు."

"వీటినీ పెన్ డ్రైవ్‌లో పెట్టనా?"

"చెత్తకి వేరే ఇల్లెందుకే? తీసెయ్యి."

"ఖాయమేనా అని అడుగుతోంది."

"ఖాయమేనని చెప్పు."

బొటనవేలు మూడుసార్లు కదిలింది. అయిపోయింది. వాన చప్పుడు ఎక్కింది. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసి, "అరె, బట్టలు తియ్యండే!" అంది. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

సాయంత్రం ఆయన వచ్చేసరికి మంచి ఉత్సాహంగా ఉన్నాను. కీబోర్డు మెరుస్తోంది. తెర మీద పేర్లన్నీ ఒక వరసలో ఉన్నాయి. ఆయన కూర్చుని పాట కోసం కిందికి జరుపుతూ వెళ్ళారు. పైకి వచ్చారు. మళ్ళీ కిందికి.

"మిగతా ఏర్లేవీ?"

"ఒక్క పాటకి అన్నెందుకండీ? మొదటిది ఉంచాం."

ఆయన చేతులు మీటల మీద పెట్టి తీసేశారు. "ఇవాళొద్దులే. షాపులో నడుం పడిపోయింది."

"కార్యక్రమం వారం చివరే. ఒక్కసారి పాడి ఊరుకుందాం."

"రేపు పాడుకుందాం."

"మీరేం మోయక్కర్లేదు. కూర్చుని వాయించడమే," అని మైకు అందుకున్నాను.

ఆయన మొదలుపెట్టారు.

మొదటి మాటకే ఏదో తేడా. రోజూ దిగే మెట్ల మీద చీకట్లో కాలు పెడితే ఒక మెట్టు ఎక్కువున్నట్టు. పల్లవి నెట్టుకొచ్చాను. చరణంలో "ఎంత దూరం" దగ్గర గొంతు పైకి వెళ్ళి, అందబోయి, చిరిగిపోయింది. పాత గుడ్డ చిరిగిన చప్పుడే.

దగ్గాను. వేణ్ణీళ్ళు తాగాను. "మధ్యాహ్నం దుమ్ము దులిపాను కదా," అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే చోట అదే చిరుగు.

మంచం మీద అత్తయ్య కూనిరాగం ఆపేసింది. ఏడాదిగా నాతోపాటు తనూ గొంతు కలుపుతోంది. "దూరం" కూడా వదలదు. తన గొంతు ముసలితనంలో తేరుకుందని పనిమనిషికి కూడా చెప్పుకుంది. ఇప్పుడు విసుగ్గా, "అదేమిటే, ఇవాళ నాక్కూడా అందట్లేదు!" అంది.

అప్పుడు చూశాను. ఆయన నా వైపు చూడకుండా, తల వంచుకునే, ఎడమచేతిని మీటల పైన ఉన్న ఒక చిన్న బొత్తాం దగ్గరికి పంపారు. నొక్కారు. నొక్కారు. నొక్కారు. ఆ వేలికి వెతుకులాట లేదు. మంచం పక్క చెంబు ఎక్కడుందో అత్తయ్య చేతికి తెలిసినంత బాగా ఆ బొత్తాం ఆ వేలికి తెలుసు.

"ఇప్పుడు పాడు," అన్నారు.

ఆయన వేళ్ళు ఎప్పుడూ ఉండే మీటల మీదే ఉన్నాయి. పాట మాత్రం కింద మోగింది. పాడాను. "దూరం" చెయ్యి చాపితే అందే చోట ఉంది. నిలబడింది, మెల్లగా దిగింది. నా పాట అది. ఇన్నాళ్ళుగా నేను పాడుతున్నది అదే.

పిచ్చుక వంగి తెర చూసింది. "మైనస్ మూడు అని ఉంది. మూడంటే ఎంత నాన్నా?"

అది తనే వేళ్ళు మడిచింది. "అయిదున్నర... అయిదు... నాలుగున్నర... నాలుగు." అని, జీవితంలో మొదటిసారి, దానంతటదే నోరు మూసుకుంది.

నేను మైకు స్టాండుకి తగిలించి వంటింట్లోకి వెళ్ళాను. ఆ పూట మాటలన్నీ గిన్నెలే మాట్లాడాయి.

పొద్దున స్కూలుకి తయారవుతూ, "ఆ పెన్ డ్రైవ్ ఏదీ?" అన్నాను పిచ్చుకతో. అది గబగబా తన కంప్యూటరుకి పెట్టి, చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చి, పిల్లిలా పక్కకి తప్పుకుంది. పాత ఏటి పాట విన్నాను. తర్వాత ఈ మధ్యది విన్నాను. ఇదే బాగుందని నాకు నేను చెప్పుకోవాలని చాలా అనిపించింది. కానీ పాతదే బాగుంది. అందులో "దూరం" గాలిపటంలా వెళ్ళింది. కొత్తదాంట్లో ఆ ఎగరడం లేదు. మాట స్పష్టంగా వినిపిస్తోంది, దారం నా చేతిలోనే ఉన్నట్టుంది. వెనక అత్తయ్య కూనిరాగం ఉంది. తన గొంతు నా గొంతుని ఆనుకుని నడుస్తోంది. పాతదాంట్లో నేనొక్కదాన్నే.

నాకు కోపం వచ్చింది గొంతు మీద కాదు. వయసుతో గొంతు దిగుతుందని నాకు తెలీదా? మా పిల్లలకి అరిచి అరిచి పాఠాలు చెప్పే గొంతది. నా కోపమల్లా, మా ఇంట్లో నా గురించి నాకు తెలీకుండా ఇంకొకరికి తెలిసిన విషయం ఒకటుందని. అదీ ఇన్నేళ్ళుగా. నేను మైకు పట్టుకుని కళ్ళు మూసుకున్న ప్రతిసారీ ఆ మనిషి ఎదురుగా కూర్చుని, తెలిసే వాయించారని.

స్టాఫ్ రూమ్‌లో లెక్కలమ్మాయి పుస్తకాలు దిద్దుతోంది. నన్ను చూసి, "మేడమ్, సాధన ఎంతవరకు వచ్చింది? ఆ 'దూరం' దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. అయిదున్నరలో అలా నిలబెట్టడం మాటలా!" అంది. వెటకారం కాదు. వెటకారమైతే ఎంతో బాగుండేది.

"ఏదో జరుగుతోందమ్మా," అని హాజరు పుస్తకంలో తల దూర్చాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ఆయన షాపు వైపు నడిచాను. ఇరుకు వీధిలో, తాళాలు బాగుచేసే దుకాణానికీ బట్టలు ఇస్త్రీ చేసే చోటుకీ మధ్య ఉంటుంది అది. లోపల ఒక పెద్దాయన బల్ల మీద అరచేత్తో కొడుతూ వాదిస్తున్నాడు. బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నాడట, అరుపులోనే తెలిసిపోతోంది.

"పాత పవరే వెయ్యవయ్యా బాబూ! నా కళ్ళకేం రోగం? పేపరువాళ్ళే అక్షరాలు చిన్నవి వేస్తున్నారు, సిరా మిగుల్చుకోవడానికి."

"వెయ్యమంటే వేస్తాను పెద్దాయనా. కానీ ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి చూసి, నువ్వెవరమ్మా అంటారు," అన్నారు ఆయన.

"అదృష్టమే అది!"

ఇద్దరూ నవ్వారు. ఆయన అద్దాలు మార్చి మార్చి పెట్టి, గోడ మీది అక్షరాలు చదివించారు. తర్వాత నవ్వు ఆపి, మామూలుగా, "మారింది పెద్దాయనా. బాగానే మారింది. పాతవి పెట్టుకుంటే తలనొప్పి తప్ప ఏం మిగలదు," అన్నారు. పెద్దాయన కాసేపు గొణిగి, "సరే కానివ్వు," అని వెళ్ళాడు.

నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను.

"ఆయనకి చెప్పారు," అన్నాను. "నాకు చెప్పలేదు."

ఆయన చేతిలో గుడ్డతో అద్దాన్ని తుడుస్తూనే ఉన్నారు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"ఆయనకి కోపమొస్తే ఇంకో షాపుకెళ్తాడు. నీకు కోపమొస్తే పాడ్డం మానేస్తావు."

"ఎప్పట్నుంచి?"

"ఒక వానాకాలం నీకు జలుబు చేసింది, గుర్తుందా? అప్పుడు ఒక్క అరమెట్టు దించాను, ఆ నాలుగు రోజులకని. జలుబు పోయింది. మెట్టు తిరిగి రాలేదు. తర్వాత ఇంకోటి. పిచ్చుక కాలేజీలో చేరిన ఏడు ఇంకోటి."

"మరి పాతవాటిని తీసెయ్యకుండా ఎందుకు దాచారు?"

ఆయన అద్దం పెట్టెలో పెట్టి, మూత వేసి, మళ్ళీ తీశారు.

"వస్తుందేమోనని. నీ గొంతు బాగున్నట్టు అనిపించిన రోజు పైదాన్ని నొక్కి చూసేవాణ్ణి. నువ్వు దగ్గేదానివి. ఇంకోసారి మొదలుపెడదామని కిందిది నొక్కేవాణ్ణి."

ఆ దగ్గులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఫ్యాను గాలి అనీ, టీలో పంచదార అనీ, పక్కింటివాళ్ళ సున్నం అనీ ఎన్ని సాకులు చెప్పానో. ఆయన ప్రతిదానికీ తలూపేవారు. ఒకసారి నా మాట విని ఫ్యాను కూడా మార్చారు.

"నా గొంతుకి మీరు కాపలా కూర్చున్నారు. నన్ను మాత్రం ఊరంతా అయిదున్నర అని చెప్పుకు తిరగనిచ్చారు. అది ఏమన్నా బాగుందా?"

"బాగోలేదు," అన్నారు. "అంత దూరం ఆలోచించలేదు. పాట ఆగిపోకూడదు, అంతవరకే ఆలోచించాను."

నేను లెక్కలమ్మాయి సంగతి చెప్పాను. నాలుగులో పిల్లల్ని నిద్రపుచ్చుతానన్న మాటా, స్టాఫ్ రూమ్ అంతా నవ్విన నవ్వూ. ఆయన వింటూ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, "పోయినేడంటే... అప్పటికే నువ్వు..." అని ఆగిపోయారు.

"ఆఁ. అప్పటికే నేనూ నాలుగే."

ఆయన పెదాలు బిగబట్టారు. నవ్వొస్తోందని తెలుస్తోంది. నాకూ వచ్చింది, కానీ ఇవ్వదలుచుకోలేదు. సంచీ భుజాన వేసుకుని లేచాను.

"రాత్రికి ఏటి పాట మళ్ళీ కుదర్చండి," అన్నాను. "తీసేసినదాంట్లో ఏమేం ఉన్నాయో మీకు గుర్తుంటాయి కదా."

"గుర్తున్నాయి. ఏ శ్రుతి..." అని నా మొహం చూశారు.

"అది ఇంటికొచ్చాక చెప్తాను."

వీధి మలుపులో, ఇస్త్రీ బొగ్గుల వాసన దాటాక, ఆగి లెక్కలమ్మాయికి ఫోన్ చేశాను. అటువైపు ఏదో మిక్సీ మోగుతోంది. ఒకసారి చెప్తే వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది, వీధిలో నిలబడి, గట్టిగా. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలిగ్గా ఉంది.

ఇంటికి వచ్చి మొహం కడుక్కున్నాను. పిచ్చుక నా వెనకే తిరుగుతోంది, అడగాలనుంది, అడగలేదు. చివరికి, "అమ్మా, నేను తియ్యకుండా ఉండాల్సింది కదా," అంది.

"తియ్యమన్నది నేను. నువ్వు ఖాయమేనా అని కూడా అడిగావు."

"నేను కాదు, అది అడిగింది."

"ఎవరడిగితేనేం? చెప్పింది నేనే."

ఆయన వచ్చారు. కీబోర్డు ముందు కూర్చుని వాయిద్యాలు ఒక్కొక్కటే పేర్చారు. వేణువు గట్టిగా ఉంటే తగ్గించారు. తాళం కాస్త నెమ్మది చేశారు. నేను వంటింట్లోంచి వింటున్నాను. అన్నీ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు. శ్రుతి దగ్గర ఆగారని తెలిసింది.

భోజనాలకి పిలిచాను. అత్తయ్య మంచం దగ్గరికే బల్ల లాగి నలుగురం కూర్చున్నాం. ఎవరి కంచం వాళ్ళు చూసుకుంటున్నారు. అత్తయ్యే అంది ముందు.

"నాకొకటి అర్థం కాలేదు. నిన్న మొదట నాకెందుకు అందలేదు, తర్వాత ఎలా అందింది?"

"నాన్న పాటని కిందికి దించాడు నానమ్మా," అంది పిచ్చుక. "ఎప్పుడో దించేశాడు. అందుకే ఏడాదిగా నీకు అందుతోంది."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. "అంటే నా గొంతు పైకి లేవలేదన్నమాట."

"లేదమ్మా."

"ఛీ, పోరా. పనిమనిషికి ఏం మొహం పెట్టుకు చెప్పను?"

పిచ్చుకకి పొలమారింది. ఆయన దాని నెత్తి మీద తట్టారు. నేను మంచినీళ్ళ గ్లాసు అందించి, అది సర్దుకున్నాక, అందరూ ఉన్నారు కదా అని చెప్పాను.

"రేపు సాయంత్రం మా లెక్కలమ్మాయి ఇంటికొస్తుంది. ఏటి పాట మేమిద్దరం కలిసి పాడతాం, పెద్ద మేడమ్‌కి. నాలుగులో. ఆ అమ్మాయిది నాలుగు." కంచం పక్కకి జరిపాను. "నాదీ నాలుగే. ఫోన్‌లో ఆ అమ్మాయికి చెప్పేశాను."

ఆయన తలెత్తి చూశారు. చాలాకాలం క్రితం ఒకసారి చూసినట్టే.

"పిచ్చుకా, ఆ మొదటిదాన్ని కూడా తీసెయ్యి. నీకు చోటు కావాలి కదా."

"అది ఉండనీ," అన్నారాయన గబుక్కున. "ఒక్క గడి. ఉంటే ఏం పోయింది?"

"ఉంటే మీరు మళ్ళీ నొక్కి చూస్తారు. నేను మళ్ళీ దగ్గాలి. పాడింది పెన్ డ్రైవ్‌లో ఉంది. వినాలనుంటే వినండి. బాగుంటుంది. పాడాల్సింది మాత్రం ఒక్కటే ఉండాలి అందులో. ఇంకోటి. ఎప్పుడైనా నాలుగు నుంచి కూడా దిగాల్సి వస్తే ముందు నాకు చెప్పండి. ఆ బొత్తాం ఎక్కడుందో చూపించండి. దించేది నేను."

"సరే," అన్నారాయన.

"నాక్కూడా చెప్పండర్రా," అంది అత్తయ్య. "ఏమీ తెలీక గాలికి పాడుతున్నాను ఇక్కడ."